‘కొంచెపు నరుసంగతి’లో సంగతి ఏమిటి?

సందేహం: మా మనవడు నాలుగో తరగతి. రాత్రి పడుకోబోయే ముందు వాడికి రాజుగారి పక్కలో కాపురమున్న పేను, నల్లి కథ చెప్పాను. కుట్టిన నల్లి తప్పించుకుంది, పేను దొరికిపోయి చచ్చింది. చెడ్డవారితో చేరితే ఇంతేనని చెప్పి, ‘కొంచెపు నరుసంగతిచే’ అనే సుమతీ పద్యం చదివాను. ‘సంగతి అంటే విషయం కదా అమ్మమ్మా, మనిషి విషయం వల్ల కీడు రావడమేమిటి?’ అని వాడు అడిగితే నాకు జవాబు తోచలేదు. అది ‘సాంగత్యం’ అని ఉండాలా? అచ్చుతప్పా? నేను చదువుకున్న పుస్తకంలో చివరి పాదం ‘మంచమునకుఁ బెట్లు వచ్చు’ అని ఉండేది. వాడి పుస్తకంలో ‘జేటు వచ్చు’ అని ఉంది. ఏది సరైనది? నేను ‘చెడు సావాసం’ అన్నప్పుడల్లా మా అల్లుడు ‘సహవాసం’ అని దిద్దుతున్నాడు. అది తప్పేనా? చివరగా, కథలోని నల్లిని అగ్నిముఖుడు అనాలా, అగ్నిముఖం అనాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, మీ మనవడు అడిగినది మంచి ప్రశ్న. ఆ పద్యాన్ని మనమంతా చిన్నప్పుడే కంఠస్థం చేశాం కాబట్టి ఆ మాట దగ్గర ఆగి ఆలోచించే అవసరం మనకు రాలేదు. ముందు పద్యం మొత్తం చూద్దాం.

కొంచెపు నరుసంగతిచే
నంచితముగఁ గీడు వచ్చు నది యెట్లన్నన్
గించిత్తు నల్లి కుట్టిన
మంచమునకుఁ బెట్లు వచ్చు మహిలో సుమతీ!

‘సంగతి’ అచ్చుతప్పు కాదు. ఛందస్సే అందుకు సాక్ష్యం. ఇది కందపద్యం, గణానికి నాలుగు మాత్రలు. కొంచెపు, నరుసం, గతిచే అని మొదటి పాదంలో మూడు గణాలు, పన్నెండు మాత్రలు సరిగ్గా ఉన్నాయి. ‘నరు సాంగత్యముచే’ అని దిద్దితే రెండు మాత్రలు ఎక్కువై పాదం చెడుతుంది. కవి ‘సంగతి’ అనే అన్నాడు, స్నేహం, కలయిక అనే అర్థంలోనే అన్నాడు.

ఆ మాటకు మొదటి అర్థం అదే. సమ్ అనే ఉపసర్గ, ‘వెళ్లు’ అనే అర్థం ఉన్న గమ్ ధాతువు కలిసి ఏర్పడిన పదమిది. కలిసి వెళ్లడం, ఒకరినొకరు చేరడం సంగతి. భర్తృహరి నీతిశతకంలో ‘సత్సంగతిః కథయ కిం న కరోతి పుంసామ్’ అన్నాడు. మంచివారి స్నేహం మనిషికి చేయని మేలేమిటో చెప్పమని అడుగుతున్నాడు. 18వ శతాబ్దపు ఏనుగు లక్ష్మణకవి ఆ శ్లోకాన్ని ‘సత్యసూక్తి ఘటించు ధీజడిమ మాన్చు’ అని ఎత్తుకుని, ‘సాధుసంగంబు సకలార్థ సాధనంబు’ అని ముగించాడు. మూలంలోని ‘సత్సంగతి’ ఆయన చేతిలో ‘సాధుసంగం’ అయింది. భజగోవిందంలో మీరు ఎన్నోసార్లు విని ఉండే ‘త్రిజగతి సజ్జనసంగతిరేకా’ అన్న చోట కూడా సంగతి అంటే తోడు, కలయిక. అక్కడ ‘సజ్జనుల విషయం’ అని ఎవరూ అర్థం చెప్పుకోరు.

మరి మనకు సంగతి ‘విషయం’ ఎలా అయింది? కలయిక నుంచి పొందిక, పొందిక నుంచి సంబంధం వచ్చాయి. ‘అసంగతం’ అన్న మాటలో ఇప్పటికీ ఉన్నది ఆ పొందిక అర్థమే. శాస్త్రగ్రంథాల్లో ఒక అధికరణానికి, అంటే ఒక చర్చా విభాగానికి, విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని అయిదు అంగాలు చెబుతారు. వెనకటి చర్చకూ ఈ చర్చకూ ఉన్న లంకె అక్కడ సంగతి. విషయమూ సంగతీ అక్కడ వేరువేరు అంగాలు. లంకె అనే అర్థం నుంచి సందర్భమూ, సందర్భం నుంచి వృత్తాంతమూ, కబురూ వచ్చి ఉంటాయని నా అభిప్రాయం. తమిళం, కన్నడం, మలయాళం కూడా మనలాగే ఈ మాటను ‘విషయం’ అనే అర్థంలో వాడుకుంటున్నాయి. ఉత్తరాది భాషల్లో మాత్రం సంగత్ అంటే నేటికీ తోడు, సావాసమే. పంజాబులో భక్తులు కూడిన సభ సంగత్. హిందుస్తానీ కచేరీలో గాయకుడికి తబలాతో సహకరించడమూ సంగతే. మన కర్ణాటక సంగీతంలో ఒకే పాదాన్ని తిప్పితిప్పి కొత్త సొగసుతో పాడే పద్ధతిని సంగతులు అంటాం. కృతిలో సంగతులను అంత అందంగా పెంచినవాడు త్యాగరాజు అని సంగీతజ్ఞులు చెబుతారు.

తెలుగులో ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా. స్నేహితుణ్ణి సంగాతి, సంగడీడు అన్న పాత మాటలున్నాయి. మీ మనవడికి చెప్పడానికి ‘సంగాతి’ బాగా పనికొస్తుంది. సంగాతితో ఉండేది సంగతి అంటే వాడు ఇట్టే పట్టుకుంటాడు.

మాటలకు కూడా సావాసగుణం అబ్బుతుంది. ‘సంగతి’ పక్కన ఎప్పుడూ తెలిసింది, చెప్పు, ఏమిటి అన్న మాటలే చేరుతూ వస్తే అది కబురుగా మారిపోయింది. ‘కంపు’కు పట్టిన గతి చూడండి. పాత కవులకు కంపు అంటే పరిమళం, కన్నడంలో ఇప్పటికీ పరిమళమే. మన దగ్గర మురుగుతోనూ కుళ్లుతోనూ తిరిగి తిరిగి, పూల పక్కన నిలవడానికి వీలులేనిదైపోయింది. దేవుడి సేవ అయిన ‘కైంకర్యం’ ఎవరి డబ్బో మింగేయడం అయింది. ఈ మాటల పతనం చూస్తే నాకు నిజంగానే బాధ కలుగుతుంది. ఒక మాట పాడైతే ఆ మాట ఉన్న పాత పద్యాలన్నీ పిల్లలకు అందకుండా పోతాయి. మీ ఇంట్లో జరిగింది కూడా అదే.

పద్యంలో ‘కొంచెపు’ కూడా అలా దారి మళ్లిన మాటే. ఇప్పుడు కొంచెం అంటే కాస్త. ఇక్కడ కొంచెపు నరుడంటే గుణంలో అల్పుడు, నీచుడు. కొంచెపుబుద్ధి, కొంచెపరచడం అన్న మాటల్లో ఆ అర్థం ఉంది. కవి మొదటి పాదంలో కొంచెపు నరుణ్ణి, మూడో పాదంలో కించిత్తు నల్లిని నిలబెట్టాడు. ఒకరిది గుణంలో చిన్నతనం, ఇంకొకదానిది ఒంట్లో చిన్నతనం. ప్రాస కుదరడంతో పాటు పోలిక కూడా కుదిరింది. అందుకే ఈ పద్యం చిన్నదైనా గట్టిది. ‘అంచితముగ’ దగ్గర ఎక్కువ వెతకనక్కరలేదు, పాదం నింపడానికి వచ్చిన మాట అది.

ఇక పెట్లా, చేటా? రెండూ ఛందస్సుకు సరిపోతాయి, రెండు పాఠాలూ ప్రచారంలో ఉన్నాయి. నా ఓటు మాత్రం మీ పుస్తకానికే. పెట్టు అంటే దెబ్బ. దాని బహువచనం పెట్లు, చెట్టు చెట్లు అయినట్టే. ఈ మాట చచ్చిపోయిందనుకుంటాం గాని, ‘రైతుకు గొడ్డలిపెట్టు’ అని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ‘ఒక్కపెట్టున లేచారు’ అన్నప్పుడూ ఉన్నది ఈ పెట్టే అని నా నమ్మకం. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపెట్లు తప్పవనే సామెత కూడా చెడు స్నేహం గురించినదే. దాన్ని సమ్మెటపోట్లు అని కూడా కొందరు అంటారు.

పెట్లు అన్నదే అసలు పాఠమని నేను అనుకోవడానికి కారణం మంచం. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో ఎండలు ముదిరాక నులకమంచాలన్నీ పెరట్లోకి వచ్చేవి. మంచం కాలైన కోడూ, పక్కబద్ద అయిన పట్టె కలిసే బెజ్జాల్లో సలసల కాగే నీళ్లు పోసేవారు. తర్వాత ఇద్దరు చెరో కొస పట్టుకుని మంచాన్ని ఎత్తి, నాలుగు కోళ్లూ నేలకు తగిలేలా దబీదబీమని వేసి కొట్టేవారు. ఎర్రటి నల్లులు సందుల్లోంచి రాలిపడి, కాలి కింద నలిగి, ఆ చోటంతా ముక్కు మూసుకునేలా ఉండేది. అలా కొట్టి కొట్టి మా తాతగారి మంచానికి ఒక కోడు నిలువునా చీలింది. దానికి ఇనుప పట్టీ వేయించి, ఆయన పోయేదాకా ఆ మంచం మీదే పడుకున్నారు. ఆ పట్టీ చూసిన నాకు ‘మంచమునకుఁ బెట్లు వచ్చు’ అంటే కవి దేన్ని చూసి రాశాడో వేరే చెప్పనక్కరలేదు. ‘చేటు’ అంటే ఆ బొమ్మ మాయమవుతుంది. పైగా రెండో పాదంలో కీడు వచ్చింది, మళ్లీ నాలుగో పాదంలో చేటు ఎందుకు? రెండు పాదాల్లో సమానార్థక పదాలుంటే ఉపమేయానికీ ఉపమానానికీ పొత్తు కుదురుతుందని ఎవరైనా అనవచ్చు. కాదనను. కానీ పెట్టు అంటే తెలియని వారు దాన్ని చేటుగా మార్చే అవకాశం ఉంది గాని, చేటు అర్థం కాక పెట్లుగా మార్చేవారు ఉండరు.

మీరు కథకూ పద్యానికీ ముడి పెట్టడం నాకు నచ్చింది. అయితే ఆ ముడి దగ్గర ఒక మాట చెప్పాలి. పంచతంత్రంలోని మిత్రభేదంలో పేను పేరు మందవిసర్పిణి, అంటే మెల్లగా పాకేది. నల్లి పేరు అగ్నిముఖుడు, నోట నిప్పున్నవాడు. కథంతా ఈ రెండు పేర్లలోనే ఉంది. బట్టల మడతల్లో బతికే ఇలాంటి పేనును మన పెద్దలు చీరపేను అనేవారు. రాజు బాగా నిద్రపోయాకే కుట్టాలని అది షరతు పెడుతుంది. రాజుగారి రక్తం రుచి చూడాలనే ఆత్రంతో నల్లి ఆగలేక వెంటనే కుడుతుంది. రాజు అదిరిపడి లేస్తాడు, సేవకులు దీపం తెచ్చి వెతుకుతారు. నిప్పునోటిది మంచం సందులో దూరుతుంది, మెల్లగా పాకేది దుప్పటి మడతలో దొరుకుతుంది. కథ శ్లోకం ఇది:

న హ్యవిజ్ఞాతశీలస్య ప్రదాతవ్యః ప్రతిశ్రయః
మత్కుణస్య చ దోషేణ హతా మందవిసర్పిణీ

స్వభావం తెలియనివాడికి ఆశ్రయం ఇవ్వకూడదని, నల్లి చేసిన తప్పుకు మందవిసర్పిణి చచ్చిందని అర్థం. ఇక్కడ చెప్పింది స్నేహం గురించి కాదు, ముందూ వెనకా చూడకుండా చోటివ్వడం గురించి. పైగా ఈ కథ ఎవరు ఎవరికి చెప్పారో గమనించండి. సింహానికీ ఎద్దుకూ ఉన్న నిజమైన స్నేహాన్ని చెడగొట్టాలని దమనకుడనే నక్క సింహానికి చెబుతుంది. నల్లి ఎవరో చెప్పినవాడే నల్లి. మిత్రభేదంలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఈ చోటే. మంచి కథ చెప్పాడు గదా అని చెప్పినవాణ్ణి నమ్మిన సింహం, తన మిత్రుణ్ణి తానే చంపుకుంటుంది.

పద్యంలోని ‘సంగతి’కి సరిగ్గా అతికే కథ కావాలంటే హితోపదేశంలో ఉంది. ఉజ్జయిని దారిలో ఒక రావిచెట్టు మీద హంస, కాకి ఉంటాయి. ఎండన పడి వచ్చిన బాటసారి ఒకడు విల్లూ బాణాలూ పక్కన పెట్టుకుని ఆ చెట్టు కింద నిద్రపోతాడు. నీడ జరిగి వాడి ముఖం మీద ఎండ పడుతుంది. హంస జాలిపడి రెక్కలు విప్పి నీడ పడుతుంది. నిద్రలో వాడు నోరు తెరుస్తాడు, కాకి అందులో రెట్ట వేసి ఎగిరిపోతుంది. వాడు లేచి పైకి చూస్తే రెక్కలు విప్పుకుని ఉన్న హంస కనబడుతుంది. బాణంతో కొడతాడు. అక్కడే ఇంకో కథ కూడా ఉంది. కాకి, చిన్న పిట్ట ఒకటి కలిసి ప్రయాణం కడతాయి. నెత్తిన పెరుగుకుండతో వెళుతున్న గొల్లవాడి కుండలోంచి కాకి దారి పొడుగునా పెరుగు తింటుంది. వాడు కుండ దించి పైకి చూసేసరికి కాకి వేగంగా పోతుంది, వేగంగా ఎగరలేని పిట్ట దొరికి చస్తుంది. రెండు కథలకూ కలిపి ఒకటే శ్లోకం:

న స్థాతవ్యం న గంతవ్యం దుర్జనేన సమం క్వచిత్
కాకసంగాద్ధతో హంసస్తిష్ఠన్ గచ్ఛంశ్చ వర్తకః

ఇక్కడ ‘వర్తకః’ వ్యాపారి కాదు, కౌజుపిట్టలాంటి చిన్న పిట్ట. చెడ్డవాడితో కలిసి ఉండకూడదు, కలిసి వెళ్లకూడదు. కాకితో కలిసి ఉండి హంస చచ్చింది, కలిసి వెళ్లి పిట్ట చచ్చింది. మీరు అడిగిన రెండు మాటలూ ఈ రెండు కథల్లో ఉన్నాయి. సహవాసం అంటే కలిసి ఉండటం, అది హంస కథ. సంగతి అంటే కలిసి వెళ్లడం, అది పిట్ట కథ. ఇప్పుడు రెండింటినీ ఒకే అర్థంలో వాడుతున్నాం, తప్పులేదు. కానీ మాట పుట్టిన చోటు తెలిస్తే కథ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. సుమతీ కవి మరో అడుగు ముందుకు వేశాడు. పేను సరేనని ఒప్పుకున్నాక చచ్చింది, హంస ఉపకారం చేస్తూ చచ్చింది, మంచం మాత్రం ఏమీ చేయలేదు. ఉన్నచోట ఉంది, అంతే. దానికీ దెబ్బలు తప్పలేదు.

సాంగత్యం మాట త్వరగా ముగిస్తాను. సంగత శబ్దం మీద భావార్థంలో య ప్రత్యయం చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి, అంటే అ ఆగా మారి, సాంగత్యం అవుతుంది. పండిత నుంచి పాండిత్యం, చతుర నుంచి చాతుర్యం వచ్చినట్టే. ‘సంగత్యం’ అని రాయడం తప్పు. దుర్జనులతో కలయికను దుస్సాంగత్యం అనవచ్చు, దుస్సంగం అనవచ్చు. తెలుగు బైబిలులో ‘దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును’ అని ఉంది, అదీ చక్కని సమాసమే. ‘దుష్సాంగత్యం’ అని ష రాయడం మాత్రం సాధువు కాదు.

సావాసం విషయంలో మీ అల్లుడుగారికి నా మాటగా చెప్పండి. సహాయం సాయం అయింది, మహారాజు మారాజు అయ్యాడు, సహవాసం సావాసం అయింది. నడుమ ఉన్న హకారం జారిపోయి రెండు అచ్చులు కలిసి దీర్ఘం కావడం తెలుగు నాలుకకు సహజం. ఇది తప్పు కాదు, తద్భవం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెతలో సహవాసం పెట్టి చదవండి, సామెత నడక కుంటుతుంది. సావాసగాడు అంటాం, సహవాసగాడు అనం. సభలో, వ్యాసంలో సహవాసం, ఇంట్లో మనవడి పక్కన సావాసం, రెండూ వాటివాటి చోట్ల అందంగానే ఉంటాయి. తెలంగాణలో దీనికి సోపతి అనే ఎంతో ఆత్మీయమైన మాట ఉంది. అరబ్బీ సుహ్‌బత్ ఉర్దూ మీదుగా వచ్చి అలా మారింది. దాని అసలు అర్థమూ తోడు, సావాసమే.

చివరగా అగ్నిముఖుడా, అగ్నిముఖమా? సంస్కృతంలో మత్కుణ శబ్దం పుంలింగం, యూకా శబ్దం స్త్రీలింగం. అందుకే నల్లికి మగపేరు, పేనుకు ఆడపేరు పెట్టారు. తెలుగులో జంతువులు అమహత్తులు, అంటే ‘అది’ అని చెప్పదగినవి, కాబట్టి వ్యాకరణం ప్రకారం అగ్నిముఖము, అది, వచ్చింది అనాలి. 1853లో వచ్చిన నీతిచంద్రికలో చిన్నయసూరి ‘లఘుపతనకమను వాయసము’ అన్నాడు, లఘుపతనకుడు అనలేదు. అయితే కథలో జంతువులు మనుషుల్లా మాట్లాడతాయి, షరతులు పెడతాయి, మాట తప్పుతాయి. అందుకే వాటిని మనుషులుగా భావించి డుమంతంగా, అంటే చివర ‘డు’ చేర్చి, చెప్పే వాడుక బాగా స్థిరపడింది, నేను కూడా పైన దమనకుడు అనే రాశాను. రెండింటిలో ఏది వాడినా, క్రియ దగ్గర కూడా దానికే కట్టుబడటం మేలు. అగ్నిముఖుడు అంటే ‘కుట్టాడు’, అగ్నిముఖం అంటే ‘కుట్టింది’. పిల్లలు సాధారణంగా నల్లి మాట్లాడినంతసేపూ ‘వాడు’ అని, సందులో దాక్కున్నాక ‘అది’ అని చెబుతారు. ఈసారి మీ మనవడి చేత ఆ కథ తిరిగి చెప్పించి, వాడు ఎక్కడ ‘అది’ అన్నాడో నాకు రాయండి.